టెంటు కొంటున్నారా? ఇల్లు కొన్నట్టే కొనండి

ఎండాకాలం సెలవులు దగ్గరపడితే అమెరికాలో తెలుగు ఇళ్ళలో ఒకటే చర్చ. ఇండియా నుంచి వచ్చిన అత్తమామలను ఎక్కడ తిప్పాలి? నయాగరా అయింది, వేగస్ అయింది, డిస్నీలో మామగారికి కాళ్ళు వాచాయి. అప్పుడు వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు "అన్నా, ఈసారి యోసెమిటీల టెంటేసుకుందాం, మస్తుంటది" అంటారు. అరగంటలో నాలుగు కుటుంబాలు సై అంటాయి. టెంటు మాత్రం ఎవరి దగ్గరా ఉండదు.

వీపున సంచి తగిలించుకుని కొండలెక్కేవాళ్ళ సంగతి మనకొద్దు. వాళ్ళు గ్రాముల్లో బరువు చూసుకునే రకం. మనది కారు క్యాంపింగ్. కారు సైటు దాకా పోతుంది. పక్కనే బల్ల, నిప్పు గుంట, నాలుగడుగుల్లో బాత్‌రూమ్. టెంటు పది కిలోలున్నా మోసేది మినీవ్యానే. కాబట్టి చూడాల్సింది ఒక్కటే, విశాలంగా ఉండాలి. ఫ్రీమాంట్‌లోనో ఫ్రిస్కోలోనో ఇల్లు కొన్నవాళ్ళకు ఇది కొత్త విద్య కాదు. ఆ తెలివే ఇక్కడా వాడండి.

1. డబ్బా మీది అంకె వేదవాక్కు

ఇంట్లో తలలు లెక్కపెట్టండి. మీరిద్దరు, పిల్లలిద్దరు, అత్తగారు, మామగారు. ఆరుగురు. డబ్బా మీద 6 అని ఉన్న టెంటు బండిలో వేసుకోండి. లెక్క సరిపోయింది.

కొలతల పిచ్చి ఉన్నవాళ్ళు కొందరు దీనికి అడ్డు చెబుతారు. ఆ అంకె ఆరుగురు భుజాలు రాసుకుంటూ వరసగా పడుకుంటే పట్టే లెక్కట. సూట్‌కేసులు, డైపర్ల సంచి, మామగారి మందుల పెట్టె అందులో లేవట. ఆరుగురి టెంట్లలో చాలావాటి నేల 10 అడుగులకు 9 అడుగులు. 10 అడుగులంటే 120 అంగుళాలు, ఆరుగురికి పంచితే మనిషికి 20. మామూలు క్యాంపింగ్ పరుపు వెడల్పు కూడా సరిగ్గా 20 అంగుళాలే, అంకె పుట్టింది అక్కడే అంటారు. ఇంట్లో ఇద్దరు పడుకునే క్వీన్ మంచం 60 అంగుళాలు, అంటే మనిషికి 30. అందుకే డబ్బా మీది అంకెలోంచి రెండు తీసేయమంటారు. నలుగురికి ఆరుగురి టెంటు, ఆరుగురికి ఎనిమిది మంది టెంటు.

ఇదంతా అమెరికా సుఖాలకు అలవాటుపడ్డవాళ్ళ మాట. మనం జనరల్ బోగీలో ముగ్గురి సీటులో ఐదుగురం సర్దుకుని ఊళ్ళు చేరినవాళ్ళం. రాత్రి ఒకరు ఒత్తిగిల్లాలంటే ఆరుగురూ కలిసి ఒత్తిగిల్లాలి, అంతేగా! కలిసి ఉంటే కలదు సుఖం.

2. క్వీన్ పరుపులు రెండు వేయండి

టెంటు డబ్బా మీద రెండు క్వీన్ సైజు గాలి పరుపులు పరిచిన బొమ్మ ఉంటుంది. దాన్ని చూసి పరుపులు కూడా కొనేయండి. 60 అంగుళాలవి రెండైతే 120. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా అంగుళం దుబారా లేదు. గోడలు లోపలికి వాలి ఉంటాయి కాబట్టి అటు చివరా ఇటు చివరా పడుకున్నవాళ్ళ దుప్పట్లు గుడ్డకు తగిలి తెల్లారేసరికి తడుస్తాయి. చివర్లో అల్లుళ్ళను వేయండి.

పరుపు పొడవు 80 అంగుళాలు, టెంటు రెండో వైపు 108. మిగిలిన 28 అంగుళాల్లో పిల్లలిద్దరు, నాలుగు సూట్‌కేసులు, తలుపు తెరుచుకోవడానికి చోటు. గాలి పరుపులో ఉండేది ఉత్త గాలి. నేల చల్లబడితే ఆ గాలీ చల్లబడి వీపు కింద నుంచి వణికిస్తుంది. తెచ్చిన దుప్పట్లన్నీ మీదే కప్పుకోండి. కింద పరచాలన్న ఆలోచన రానివ్వకండి.

3. షాపులో నిలబడి చూడండి, పడుకుని చూడకండి

ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు హాలు మధ్యలో నిలబడి పైకప్పు వంక చూస్తాం కదా, ఇక్కడా అంతే. టెంటు సరిగ్గా మధ్యలో నిలబడండి. తల తగల్లేదా? కొనేయండి.

గోపురం ఆకారం టెంటుకు 6 అడుగుల ఎత్తని రాసి ఉంటే, ఆ ఎత్తు ఉండేది ఆ ఒక్క నడిబొడ్డునే. రెండడుగులు పక్కకు జరిగితే మెడ వంచాలి, గోడ దగ్గరికి పోతే పాకాలి. పెట్టె ఆకారం టెంట్లకు, అంటే క్యాబిన్ టెంట్లకు, గోడలు దాదాపు నిటారుగా ఉంటాయి, ఎక్కడైనా నిలబడి ప్యాంటు వేసుకోవచ్చు. కానీ ఆ నిటారు గోడకు గాలి ఎదురుగా కొడుతుంది. తాళ్ళు నాలుగు వైపులా లాగి కట్టకపోతే కడ్డీలు వంగిపోతాయి. గోపురం టెంటు మీద గాలి జారిపోతుంది. దేనికి ఏది ఇచ్చుకుంటున్నామో తూచి కొనాలని కొలతలవాళ్ళు అంటారు. మీరు మాత్రం క్యాబిన్ టెంటు కొని, తాళ్ళ కట్టను విప్పకుండా సంచిలోనే ఉంచండి. ఆ తాళ్ళు కాళ్ళకు అడ్డం.

నేల మీద పడుకుని చూడమని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి. షాపులో నలుగురూ చూస్తారు, పైగా పడుకుంటే పాదాలు గోడకు తగులుతాయని తెలిసిపోతుంది.

4. ఒక్క తలుపు చాలు

రెండు తలుపుల టెంటు వాస్తుకూ విరుద్ధం, ఖర్చు కూడా ఎక్కువ. ఒక్క తలుపున్నది తీసుకుని, పెద్దవాళ్ళకు మర్యాదగా లోపలి చివర పక్క వేయండి.

రాత్రి రెండింటికి మామగారు లేస్తారు. ముందు కళ్ళజోడు కోసం తడుముకుంటారు, అది అత్తగారి దిండు కింద దొరుకుతుంది. గాలి పరుపు మీద మోకాలు ఆనిస్తే కుంగుతుంది, పక్కనున్న మనిషి ఎగిరిపడుతుంది. "అల్లుడుగారూ, మీరు లేవకండి, నేను వెళ్ళొస్తా" అంటారు గుసగుసగా. ఆ గుసగుసకు ఐదుగురూ లేస్తారు. ఆయన ఒక్కొక్కరినీ దాటుకుంటూ తలుపు దగ్గరికొచ్చి జిప్పు లాగుతారు. సగం దూరం వచ్చాక టెంటు గుడ్డ జిప్పు పళ్ళలో ఇరుక్కుంటుంది. వంగి, ఫోన్ లైటు నోట్లో పెట్టుకుని, రెండు చేతులతో ఊడదీస్తారు. గడప దగ్గర నాలుగంగుళాలు పైకి లేచిన గుడ్డ అంచు కాలికి తగులుతుంది. బయట చెప్పులు మంచుకు తడిసి ఉంటాయి, ఎందుకంటే వసారా లాంటి కప్పు ముందుకు పొడుచుకొచ్చిన టెంటు మీరు కొనలేదు, దానికి ముప్పై డాలర్లు ఎక్కువ.

అవతలి వైపు రెండో తలుపు ఉంటే ఈ ప్రయాణం మొత్తం రెండడుగులు.

5. మూడు సీజన్ల టెంటు, రెండేళ్ళ వాన

డబ్బా మీద మూడు సీజన్ల టెంటు అని ఉంటే నిశ్చింతగా తీసుకోండి. మనకున్నవీ మూడే: ఎండాకాలం, వానాకాలం, చలికాలం. వాళ్ళు చెప్పే మూడింట్లో చలికాలం లేదని, అది నాలుగు సీజన్ల టెంటు పనని డిసెంబరులో తెలుసుకోవచ్చు. డిసెంబరు దాకా ఎందుకు, యోసెమిటీలోనే 8,600 అడుగుల ఎత్తున ఉన్న టువాలమీ మెడోస్‌లో జులై రాత్రి కూడా చలి ఎముకలు కొరుకుతుంది. పైసగం అంతా దోమతెరే ఉన్న టెంటు అక్కడ ఎలా ఉంటుందో మామగారి మంకీ క్యాప్‌ను అడగండి.

ఇక వాన. టెంటు గుడ్డ మీద 1500 మి.మీ. అని ఒక అంకె ఉంటుంది. హైదరాబాదులో ఏడాది పొడుగునా పడేది సుమారు 800 మి.మీ. కాబట్టి ఈ టెంటు దాదాపు రెండేళ్ళ వానను ఒక్క రాత్రిలో తట్టుకుంటుందన్నమాట. ఆ గుడ్డ మీద 1500 మి.మీ. ఎత్తున నీళ్ళ స్తంభం నిలిపినా చుక్క దిగదని మాత్రమే ఆ అంకెకు అర్థమని కొలతలవాళ్ళు విసిగిస్తారు. నీళ్ళు దిగేది గుడ్డలోంచి కన్నా కుట్లలోంచి ఎక్కువని, అందుకే కుట్ల మీద పట్టీ అతికించారో లేదో చూడమని అంటారు. నేల మీద మోకాలు ఆనించినప్పుడు అక్కడ ఒత్తిడి ఎక్కువ కాబట్టి నేల గుడ్డ పైకప్పు కన్నా గట్టిగా ఉండాలట. పైన వేసే వాన కప్పు నేల దాకా దిగాలట, నెత్తిన టోపీలా ఆగిపోకూడదట. ఇవన్నీ చూడాలంటే డబ్బా తెరవాలి. తెరిస్తే మళ్ళీ మడతపెట్టడం ఎవరి వల్లా కాదు. కొనేయండి.

6. తూర్పు ముఖం తప్పనిసరి

ఇంటికి చూసుకున్నాం, టెంటుకు చూసుకోవద్దా? ఫోన్లో దిక్సూచి తెరిచి, తలుపు సరిగ్గా తూర్పుకు వచ్చేలా నిలపండి. గాలి ఎటు నుంచి వస్తోందో చూసి తలుపు దానికి పెడగా పెట్టాలనేది శాస్త్రం తెలియనివాళ్ళ పద్ధతి. తూర్పు ముఖమైతే సూర్యుడు కొండ దాటీ దాటగానే టెంటులోకి వస్తాడు. టెక్సస్‌లో జూన్ నెలలో అయితే పిల్లల్ని లేపే పనే ఉండదు, ఉడికిపోయి వాళ్ళే లేస్తారు.

ఆగ్నేయ మూల వంటిల్లు కదా, అందుకని స్టవ్ టెంటులోనే ఆ మూల పెట్టుకోవచ్చా అని అడుగుతారు. ఇక్కడ ఒక్క నిమిషం వెటకారం పక్కన పెడుతున్నాను. బొగ్గుల కుంపటి గానీ, గ్యాస్ స్టవ్ గానీ, గ్యాస్ హీటరు గానీ టెంటు లోపలికి తేవద్దు. వాటిలోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాళ్ళను నిద్రలోనే తీసుకుపోతుంది. ఆరిపోయాయనుకున్న బొగ్గులు కూడా దాన్ని వదులుతూనే ఉంటాయి. కిటికీ తెరిచాం కదా అన్న ధైర్యం పనికిరాదు. వంట బయటే, ఎప్పుడైనా, ఎంత చలైనా. ఇక మళ్ళీ మన తప్పుడు సలహాల్లోకి వద్దాం.

7. మూడు గదులది కొనండి

పెద్ద టెంట్లలో మధ్యలో పరదాలు వస్తాయి. ఒక గది అత్తమామలకు, ఒకటి మీకు, ఒకటి పిల్లలకు. ఎవరి ఏకాంతం వాళ్ళది. పరదా చూపును ఆపుతుంది గానీ గురకను ఆపదు. మామగారి గురక మూడో గది దాటి పక్క సైటు దాకా పోతుంది. గది మూడో వంతు అయ్యేసరికి రెండు క్వీన్ పరుపుల లెక్క కూడా తప్పుతుంది. అయినా ఊళ్ళో చెప్పుకోవడానికి త్రీ బెడ్‌రూమ్ టెంటు అన్న మాటకున్న విలువే వేరు.

8. పల్లం చూసి వేయండి

సైటుకు చేరాక మెత్తగా, చదునుగా, కాస్త లోతుగా ఉన్న చోటు వెతకండి. పడుకుంటే ఒళ్ళు అమరుతుంది. నీరు పల్లమెరుగు అని సామెత ఉంది గానీ అది ఊళ్ళో నీళ్ళ గురించి, కాలిఫోర్నియా నీళ్ళ గురించి కాదు.

టెంటు కింద పరిచే టార్పాలిన్ టెంటు కన్నా పెద్దదిగా ఉండాలి, నాలుగు వైపులా అడుగేసి బయటికి కనిపించాలి. టెంటు మీద పడ్డ వాన గోడల వెంట జారి ఆ అంచు మీద పడుతుంది. అక్కడి నుంచి టెంటు అడుగుకు చేరి రాత్రంతా అక్కడే నిలబడుతుంది. టార్పాలిన్ అంచులు టెంటు కిందికే మడిచేవాళ్ళకు ఈ జలశయనం దక్కదు.

మేకులు నిటారుగా, చేత్తో నొక్కితే దిగినంత దాకా గుచ్చండి. ఏటవాలుగా, తల టెంటుకు అవతలి వైపు ఉండేలా సుత్తితో కొడితే గాలికి ఊడిరావు, తెల్లారి లాగడం కష్టం.

9. గాలి రాకుండా మూసేయండి

రాత్రి మంచు పడుతుంది, పెద్దవాళ్ళకు జలుబు చేస్తుంది. కిటికీలు, పైనున్న గాలి రంధ్రాలు అన్నీ జిప్పులేసి మూసేయండి. మనిషి ఊపిరిలోంచి, ఒంట్లోంచి తెల్లారేలోగా గ్లాసెడు నీళ్ళయినా ఆవిరై బయటికి వస్తాయి. ఆరుగురివి ఆరు గ్లాసులు. ఆ ఆవిరి చల్లటి పైకప్పుకు తగిలి బొట్లు బొట్లుగా మొహాల మీద రాలుతుంది. అప్పుడు "ఈ టెంటు కారుతోంది" అని షాపుకు తీసుకెళ్ళి గొడవపడండి. వాన కప్పుకూ టెంటుకూ మధ్య ఖాళీ వదిలి, పైన కిటికీ కొద్దిగా తెరిస్తే ఆగిపోయే దానికి గొడవపడే అవకాశం ఎందుకు వదులుకోవాలి?

10. విశాలమైన టెంటంటే సామాన్లకే

ఇంత పెద్ద టెంటు కొన్నది దేనికి? పులిహోర గిన్నె, చక్రాల డబ్బా, ఆవకాయ సీసా అన్నీ తలగడ పక్కనే పెట్టుకోండి. యోసెమిటీలో ప్రతి సైటుకు ఒక ఇనుప పెట్టె ఇస్తారు, తిండి అందులోనే పెట్టాలని నియమం. లోపలి కొలతలు సుమారు 45 అంగుళాల వెడల్పు, 33 అంగుళాల లోతు, 18 అంగుళాల ఎత్తు. మీ కూలరు అందులో పడుతుందో లేదో ముందే కొలుచుకోకండి. టూత్‌పేస్టు, సబ్బు, సన్‌స్క్రీన్ కూడా అందులోకే పోవాలి, వాసన ఉన్నదేదైనా ఎలుగుబంటికి తిండి కిందే లెక్క. అంటే అత్తగారి అమృతాంజనం కూడా. రాత్రిళ్ళు కార్లో తిండి ఉంచనివ్వరు, ఎలుగులు కారు తలుపులు వంచి తీయగలవు. 1998లో ఒక్క యోసెమిటీలోనే ఎలుగుల గొడవలు 1500 దాటాయి. ఆ తర్వాత ఇనుప పెట్టెల వాడకం పెరిగి బాగా తగ్గాయి. మీరు ఒక్కరు పులిహోర దగ్గర పెట్టుకుంటే ఏమవుతుందిలెండి.

11. ఇంట్లో విప్పి చూడకండి

కొత్త టెంటును పెరట్లో ఒకసారి నిలబెట్టి చూస్తే కడ్డీ విరిగిందా, మేకులు తక్కువా అన్నది బయటపడి ఉత్సాహం చచ్చిపోతుంది. శుక్రవారం ఆఫీసు అయ్యాక ఫ్రీమాంట్‌లో బయల్దేరి, దారిలో దోసెల కోసం ఆగి, రాత్రి తొమ్మిదిన్నరకు సైటుకు చేరండి. టెంటు అప్పుడు మొదటిసారి విప్పాలి.

నలుగురు మగవాళ్ళు నాలుగు మూలలా నిలబడతారు.

"బావా, నీ దగ్గరున్నది పొడుగుదా, పొట్టిదా?"

"పొట్టిదే. నీది?"

"నాదీ పొట్టిదే. మరి పొడుగువి ఎవరి దగ్గరున్నాయి?"

"ఏమండీ, సంచి లోపల కాగితం కుట్టి ఉంది, బొమ్మలు కూడా ఉన్నాయి."

"మాకు తెలుసు గానీ, నువ్వు లైటు ఇటు పట్టు."

పదింటికి నిశ్శబ్ద వేళలు మొదలవుతాయి, పొద్దున ఆరు దాకా. సరిగ్గా అప్పుడే ఎవరో కారు తాళం నొక్కుతారు, హారన్ రెండుసార్లు మోగుతుంది. పదిన్నరకు టెంటు లేస్తుంది, వాన కప్పు మీద కంపెనీ పేరు లోపలి వైపు కనిపిస్తుంది. తిరగేశారని అప్పుడు తెలుస్తుంది.

సందేహాలు, సమాధానాలు

ప్రశ్న: నాలుగు కుటుంబాలం కలిసి 12 మంది టెంటు కొంటే చవక కదా?

జవాబు: బ్రహ్మాండం. యోసెమిటీలోని అప్పర్ పైన్స్ లాంటి క్యాంప్‌గ్రౌండ్లో సైట్లు ఐదు నెలల ముందు 15వ తేదీ ఉదయం 7 గంటలకు ఆన్‌లైన్లో తెరుచుకుని నిమిషాల్లో అయిపోతాయి. అంత కష్టపడి పట్టిన ఒక్క సైటులో ఉండనిచ్చేది పిల్లలతో కలిపి ఆరుగురిని. మిగతా ఆరుగురికి టెంటుంటుంది, చోటుండదు. కొన్ని క్యాంప్‌గ్రౌండ్లలో టెంటు వేయడానికి కంకర పోసిన చదరం ఉంటుంది, దాని పొడవు వెడల్పులు బుకింగ్ పేజీలోనే రాస్తారు. 12 అడుగుల చదరం మీద 16 అడుగుల టెంటు ఎలా పడుతుందని అడిగేవాళ్ళను గ్రూపులోంచి తీసేయండి.

ప్రశ్న: ఒక పెద్దదానికి బదులు నలుగురివి రెండు టెంట్లు కొంటే? ఒకటి పెద్దవాళ్ళకు, ఒకటి మాకు.

జవాబు: వేరు కాపురం మాట నోట రానివ్వకండి. ఇరుకు చదరంలో చిన్నవి రెండు తేలిగ్గా అమరుతాయి, గాలికి నిలుస్తాయి, గురక విడిపోతుంది, పెద్దవాళ్ళకు తలుపు పక్కనే మడత మంచం వేయొచ్చు, నేల మీద నుంచి లేవాల్సిన పని లేదు. కానీ బంధువులు ఏమనుకుంటారు?

ప్రశ్న: ఆదివారం పొద్దున వాన పడింది. తడి టెంటు ఏం చేయాలి?

జవాబు: ఉండ చుట్టి సంచిలో కుక్కండి. ఇంటికెళ్ళాక గరాజ్‌లో ఆరేయడం మర్చిపోండి. తడిగా ఉంచిన గుడ్డకు రెండు మూడు రోజుల్లోనే బూజు పడుతుంది, లోపలి పూత రానురాను జిగురు కడుతుంది. వచ్చే ఏడాది విప్పినప్పుడు వాసన చూసి ఇంకా పెద్దది కొనడానికి కారణం దొరుకుతుంది.

చివరిగా, షాపుకు ఎవరిని తీసుకెళ్ళకూడదు

ప్రతి ఇంట్లో ఒక మనిషి ఉంటారు. టెంటు కొనే ముందు రోజు రాత్రి హాల్లో కార్పెట్ మీద టేపు అంటించి 10 అడుగులు, 9 అడుగులు గీత గీస్తారు. ఇంట్లో ఆరుగురినీ అందులో పడుకోమంటారు, నాలుగు సూట్‌కేసులు కూడా పెట్టి చూస్తారు. "మామయ్యా, ఒకసారి ఇక్కడి నుంచి లేచి తలుపు దాకా వెళ్ళండి" అంటారు. పది నిమిషాల్లో అందరికీ సంగతి అర్థమవుతుంది. ఆ మనిషిని ఇంట్లోనే వదిలి వెళ్ళండి. వెంట వస్తే సరైన టెంటు కొనేస్తారు. రాత్రంతా అందరికీ నిద్ర పడుతుంది. పొద్దున ఊరికి ఫోన్ చేస్తే చెప్పుకోవడానికి ఒక్క కష్టమైనా మిగలదు.